పాత నాణేనికి సరైన ధర ఏది: కేటలాగులో ఉన్నదా, వేలంలో పలికినదా, వ్యాపారి ఇస్తానన్నదా?

సీతమ్మధార సేకర్త:
అందరికీ నమస్కారం. గత నెల మన విశాఖలో జరిగిన ఒక నాణేల ప్రదర్శనలో 1862 నాటి విక్టోరియా రాణి వెండి రూపాయి కొన్నాను. అమ్మినవారు ఒక కేటలాగు తెరిచి, అందులోని ధరను వేలు పెట్టి చూపించి, అంతకంటే రెండు వందలు తగ్గించి ఇస్తున్నానన్నారు. వారం తరువాత అదే నాణేన్ని మరొక వ్యాపారికి చూపిస్తే, వెండి విలువ మీద కొంత కలిపి ఇస్తానన్నారే తప్ప, నేను పెట్టినదానిలో సగం కూడా ఇవ్వజూపలేదు. ఈ ఇద్దరిలో ఎవరి మాట నిజం? కొనబోయే ముందే ధర తెలుసుకోవాలంటే దేనిని ప్రమాణంగా పెట్టుకోవాలో అనుభవజ్ఞులు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

మర్రిపాలెం సేకర్త:
కేటలాగును నాణేన్ని గుర్తుపట్టడానికి వాడండి, ధర కోసం వాడకండి. ప్రపంచ నాణేలకు చాలాకాలం ఆధారంగా నిలిచిన క్రౌస్ కేటలాగులో ధరలు డాలర్లలో ఉంటాయి, అవి విదేశీ విపణిని చూసి వేసిన అంచనాలు. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణేన్ని మనం దేశం దాటించి అమ్ముకోలేము కాబట్టి, అక్కడి ధర ఎంత ఉన్నా ఇక్కడ మన చేతికి రాదు. ముంబై, బెంగళూరు, అహ్మదాబాదులలోని వేలం సంస్థలు ముగిసిన పాటల ఫలితాలను తమ వెబ్‌సైట్లలో ఉంచుతాయి. ప్రతి లాటుకూ, అంటే పాటకు పెట్టిన ఒక్కో అంశానికీ, ఫొటో, స్థితి, పలికిన ధర కనబడతాయి. ఎవరో ఒకరు నిజంగా డబ్బు కట్టి తీసుకున్న ధర అది, కనుక నేను దానినే నమ్ముతాను.

మీ రూపాయి విషయంలో మరొక సంగతి ఉంది. 1862 అన్న సంవత్సరాన్ని మార్చకుండా 1874 వరకు అదే తేదీతో రూపాయలు ముద్రించారు. బొంబాయి టంకశాల వాటిలో చాలావాటికి వెనుకవైపు చిన్న చుక్కలు ఉంటాయి, వాటి సంఖ్యను బట్టి రకం మారుతుంది. ఒక రకం ఎక్కడ పడితే అక్కడ దొరుకుతుంది, మరొకటి ఏళ్ల తరబడి వెదికినా దొరకదు. అందువల్ల ‘1862 రూపాయి ధర ఎంత’ అన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు. అమ్మినవారు కేటలాగులో ఏ వరుస చూపించారో మీకు గుర్తుందా?

పాతనగరం వ్యాపారి:
నేను ఈ వ్యాపారంలో ఉన్నవాడినని ముందే చెబుతున్నాను, నా మాటను ఆ మేరకు తగ్గించుకుని చదవండి. మర్రిపాలెం వారి మాటతో నేను ఏకీభవించలేను. పాటలో ఇద్దరు పంతానికి పోతే ధర ఆకాశానికి ఎక్కుతుంది, ఆ ఇద్దరిలో ఒకరు రాకపోతే మరుసటి పాటలో అదే రకం సగానికి పోతుంది. పైగా గెలిచినవారు పాట ధర మీద సంస్థ కమీషనూ జీఎస్టీ కలిపి కడతారు, అమ్మినవారికి మాత్రం కమీషను పోగా మిగిలినది వస్తుంది. అంటే ఒకే నాణేనికి ఒకే రోజున మూడు అంకెలున్నాయి. మీరు వెబ్‌సైటులో చూసినది వాటిలో ఏది?

అంతకంటే ముఖ్యమైనది స్థితి. పెద్ద పాటలకు ఎంపిక చేసిన నాణేలు వెళతాయి, మన ప్రాంతంలో చేతికి వచ్చేవి వేరు. ఇక్కడ వెండి రూపాయలకు కొక్కెం అతికించి దండలుగా ధరించే అలవాటు ఉండేది, మన్యం వైపు ఇప్పటికీ అలాంటివి చూస్తాము. కొక్కెం తీసేసి అంచును సానపట్టినా, రాణి కిరీటానికి పైన అంచు మీద బఠాణీ గింజంత చోట రంగు కొద్దిగా వేరుగా, అంచు గీతలు కొద్దిగా పల్చగా కనిపిస్తాయి. ఆ మచ్చ ఉన్న నాణేనికి పాటలో పలికిన ధర వర్తించదు. చింతపండుతోనో పాలిష్‌తోనో తోమినదానికీ అంతే. ‘దీనిని ఇప్పుడే మీకు ఇస్తే ఎంతకు తీసుకుంటారు’ అని ముగ్గురు వ్యాపారులను అడగండి, వచ్చే జవాబే దాని ధర.

మర్రిపాలెం సేకర్త:
అయ్యా, మీ నిజాయితీని గౌరవిస్తూనే చెబుతున్నాను. కొనేవాడు తక్కువ చెప్పడం వ్యాపార ధర్మం. ఆ ముగ్గురూ రోజూ ఒకరితో ఒకరు మాట్లాడుకునేవారే అయితే, మేము విన్నది మూడు ధరలు కాదు, ఒకటే. పంతం పాటల సమస్యకు ఒక మార్గం ఉంది: ఒక్క ఫలితం కాకుండా, గత రెండు మూడేళ్లలో అదే రకం, అదే స్థితిలో ఉన్న నాలుగైదు ఫలితాలు తీసుకుని, అన్నింటికంటే పైదీ కిందదీ పక్కన పెట్టాలి.

గాజువాక పాఠకుడు:
నా దగ్గర ‘ఈస్టిండియా కంపెనీ 1818’ అని రాసి, రామ పట్టాభిషేకం బొమ్మ ఉన్న నాణెం ఉంది. వీడియోలలో కోటి రూపాయలంటున్నారు. ఇలాంటివాటి ధర ఎక్కడ చూడాలి?

పాతనగరం వ్యాపారి:
బాబూ, కంపెనీ అటువంటి నాణేన్ని ఎన్నడూ ముద్రించలేదు. అవి తరువాతి కాలంలో తయారైన బిళ్లలు, పూజలో పెట్టుకోవచ్చు. రిజర్వు బ్యాంకు పేరూ ముద్రా పెట్టి, పాత నాణేలు అమ్మిపెడతామని ముందుగా రుసుము అడిగేవారి గురించి ఆ బ్యాంకే 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించింది. దయచేసి ఎవరికీ ఒక్క రూపాయి కూడా పంపవద్దు.

భీమిలి ఉపాధ్యాయిని:
వేలమా, వ్యాపారా అన్న చర్చలో కథకు కట్టే ధరను ఎవరూ ప్రస్తావించలేదు. మా ఊరి డచ్చి సమాధులు చూడవచ్చినవారికి వీఓసీ (డచ్చి ఈస్టిండియా కంపెనీ) గుర్తున్న రాగి నాణేలను ‘భీమిలి డచ్చి కాసు’ అని చెప్పి అమ్మడం చూశాను. ఆ నాణేలలో ఎక్కువ భాగం 18వ శతాబ్దంలో నెదర్లాండ్స్‌లోనే ముద్రించినవి, వెనుకవైపు జీలండ్, హాలండ్ వంటి ప్రాంతాల రాజచిహ్నాలు ఉంటాయి. భారీ సంఖ్యలో వచ్చినవి కనుక సాధారణ రకాలు చవక. భీమిలి అన్న మాట వల్ల నాణెం మారదు, ధర మాత్రం మారుతోంది. అమ్మేవారు చెప్పిన కథను కాగితం మీద రాసి సంతకం చేయమని అడిగి చూడండి, ఎంతమంది చేస్తారో తెలుస్తుంది. అయితే కళింగను ఏలిన గాంగ రాజుల బంగారు ఫణం వంటివాటి దగ్గర నాకు ఇంకా దారి దొరకలేదు. కందిబద్దంత నాణెం మీద రాజు పేరు ఉండదు, నంది బొమ్మతో పాటు పాలనా సంవత్సరపు అంకె ఉంటుంది, ఆ అంకెను బట్టి అరుదుతనం మారుతుంది, పోల్చడానికి ఫలితాలు తక్కువ.

సీతమ్మధార సేకర్త:
మీరందరూ చెప్పినవి చేసి చూశాను. పూర్ణా మార్కెట్ దగ్గర తెలిసిన కంసాలి త్రాసులో తూయిస్తే 11.31 గ్రాములు వచ్చింది. అసలు ఉండవలసినది 11.66 గ్రాములు, అందులో 91.7 శాతం వెండి. పగటి వెలుగులో భూతద్దం కింద వాల్చి చూస్తే రాణి చెంప మీద ఒకే దిశలో సన్నని గీతలు ఉన్నాయి, అంటే తోమారు. అంచు మీద, పాతనగరం వారు చెప్పిన చోటనే, మచ్చ కూడా ఉంది. వెనుకవైపు చుక్కలు లెక్కపెడితే సాధారణ రకమే. నాకు చూపించిన కేటలాగు ధర మాత్రం మచ్చలేని, దాదాపు అరగని నాణేనిది. వేలం ఫలితాలలో ఇదే రకం ఆరు దొరికాయి, ఒక్కటి కూడా కొక్కెం ఊడదీసినది కాదు. మర్రిపాలెం గారూ, ఇటువంటిదానికి మీ పద్ధతిలో అంకె ఎలా కట్టాలి?

మర్రిపాలెం సేకర్త:
కట్టలేను, ఇక్కడ నా పద్ధతికి ఆధారం లేదు. అటువంటివి చిన్న దుకాణాలలోనే చేతులు మారతాయి, ఆ లెక్క ఎక్కడా అచ్చుకాదు.

పాతనగరం వ్యాపారి:
నేను కొన్నవీ అమ్మినవీ తేదీ, బరువు, లోపంతో సహా రాసిపెట్టుకునే నోటుపుస్తకం ఉంది. కొక్కెం మచ్చ ఉన్న విక్టోరియా రూపాయల పేజీలకు, పేర్లు కప్పేసి, ఫొటోలు తీసి ఆదివారం ఇక్కడే పెడతాను. నేను కొన్న ధర, అమ్మిన ధర రెండూ కనబడేలా ఉంచుతాను. మిగతా వ్యాపారులు కూడా తమవి పెడితే పోల్చుకోవడానికి వీలవుతుంది.