శాలరీ అకౌంట్ కాస్తా మామూలు సేవింగ్స్ అయిపోయి చార్జీలు లాగేస్తోంది, వైజాగ్‌లో ఖర్చు లేని ఖాతా ఎక్కడ తీసుకోవాలి?

గాజువాక కుర్రాడు:

అందరికీ నమస్తే. పరవాడ ఫార్మా సిటీలో పనిచేసేటప్పుడు కంపెనీ వాళ్లే ఒక ప్రైవేటు బ్యాంకులో శాలరీ అకౌంట్ తెరిపించారు. ఇప్పుడు వేరే కంపెనీలో చేస్తున్నా, జీతం ఇంకో బ్యాంకులో పడుతోంది. గ్యాస్ సబ్సిడీ, బండి ఈఎంఐ, ఫోన్‌పే అన్నీ పాతదానికే లింకై ఉన్నాయి కాబట్టి దాన్ని వాడుతూనే ఉన్నా. మొన్న అమ్మ మందులకని మా అక్క అందులోకి 2,000 వేసింది. మెడికల్ షాపులో స్కాన్ చేస్తే బ్యాలెన్స్ చాలదని వచ్చింది. అక్కడే నిలబడి స్టేట్‌మెంట్ తెరిచాను. డబ్బు పడిన వెంటనే 500, దాని కింద జీఎస్టీ 90, మళ్లీ 500, 90, మళ్లీ 500, 90. మొత్తం 1,770 పోయి 230 మిగిలింది. వెనక మనుషులు లైన్లో ఉన్నారు, మందులు సగమే తీసుకుని వచ్చేశాను.

బ్రాంచికి వెళ్తే "జీతం పడడం ఆగిపోతే మామూలు ఖాతా అయిపోతుంది, సగటున పదివేలు ఉంచాలి, సిస్టమే కట్ చేస్తుంది, మా చేతిలో ఏం లేదు" అన్నారు. అసలు ఇలా కట్ చేయడానికి రూల్ ఒప్పుకుంటుందా? మినిమమ్ బ్యాలెన్స్ గొడవ లేని ఖాతా వైజాగ్‌లో ఎక్కడ తీసుకుంటే మంచిది? మా బావ గోపాలపట్నంలో టిఫిన్ బండి నడుపుతున్నాడు, కరెంట్ అకౌంట్ తీసుకోమని ఎవరో వెంటపడుతున్నారట, దాని గురించి కూడా తెలిస్తే చెప్పండి.

సీతమ్మధార పెద్దాయన (బ్యాంకులో చేసి రిటైరయ్యాను):

బాబూ, చార్జీ వేయడం తప్పు కాదు, వేసే పద్ధతికి మాత్రం రిజర్వ్ బ్యాంకు షరతులున్నాయి. 2015 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నవే. బ్యాలెన్స్ తగ్గితే ముందు ఎస్ఎంఎస్, ఈమెయిల్ లేదా ఉత్తరం ద్వారా నీకు చెప్పాలి, సరిచేసుకోవడానికి నెల గడువివ్వాలి, ఆ తర్వాతే చార్జీ. అది కూడా ఎంత తగ్గిందో దాని మీద శాతం లెక్కన ఉండాలి. ఒక్క ఈ చార్జీల వల్లే ఖాతా మైనస్‌లోకి పోకూడదని కూడా అందులో స్పష్టంగా ఉంది. ఖాతాలో డబ్బు లేనప్పుడు వేసిన చార్జీలను రాసిపెట్టుకుని, తర్వాత పడిన మందుల డబ్బులోంచి లాగేశారంటే గట్టిగా అడగాల్సిందే. నోటితో అడిగితే లాభం లేదు. ఏ తేదీన నాకు నోటీసు పంపారు, ఏ నెల సగటు ఎంత, ఎంత తగ్గింది అని కాగితం మీద రాసి ఇచ్చి, రెండో కాపీ మీద బ్రాంచి ముద్ర వేయించుకో. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి (బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే అధికారి) ఆన్‌లైన్లో ఫిర్యాదు పెట్టొచ్చు, పైసా ఖర్చు లేదు. ఎలా పెట్టాలో తెలియకపోతే 14448కి ఫోన్ చెయ్యి.

ఇంకో సంగతి. మన ఊరు రెండు లెక్కల్లో పడుతుంది. పది లక్షల జనాభా దాటింది కాబట్టి మినిమమ్ బ్యాలెన్స్ విషయంలో మెట్రో కింద లెక్కేసి పెద్ద మొత్తం అడుగుతారు. అదే బ్యాంకు చోడవరం లాంటి చిన్న ఊళ్లో తక్కువ అడుగుతుంది. ఏటీఎం దగ్గరికొచ్చేసరికి మెట్రో అంటే ఆరు ఊళ్లే, ముంబై, ఢిల్లీ, చెన్నై, కోల్‌కతా, బెంగళూరు, హైదరాబాద్. అందులో మనం లేము. కాబట్టి ఇక్కడ వేరే బ్యాంకు ఏటీఎంలో నెలకు మూడు కాదు, ఐదు ఉచితం, సొంత బ్యాంకువి ఇంకో ఐదు. అవి దాటితే 2025 మే నుంచి ఒక్కోదానికి 23 రూపాయల దాకా, పైన జీఎస్టీ. బ్యాలెన్స్ చూసుకున్నా ఒకటి వాడినట్టే, అందుకని బ్యాలెన్స్ ఫోన్లోనే చూసుకో.

ఎంవీపీ కాలనీ అక్క:

తమ్ముడూ, నీ స్టేట్‌మెంట్ సంగతి చదువుతుంటే కడుపు మండిపోయింది. మా అత్తగారికీ అచ్చం ఇలాగే జరిగింది. ఖాతా మూసేయడానికి వెళ్లాం, కౌంటర్లో ఉన్నమ్మాయి మంచిది, "మూయడం ఎందుకండీ, ఇదే ఖాతాని బేసిక్ సేవింగ్స్ కింద మార్చుకోండి" అని ఫారం ఇచ్చింది. నంబరు మారలేదు, గ్యాస్ లింకు పోలేదు, మినిమమ్ బ్యాలెన్స్ అన్న మాటే పోయింది. బీఎస్‌బీడీ (బేసిక్ సేవింగ్స్ బ్యాంక్ డిపాజిట్) అంటారు దీన్ని, 2012 నుంచి ప్రతి బ్యాంకూ ఇవ్వాల్సిందే, ప్రైవేటు బ్యాంకైనా సరే. పేదవాళ్లకే అని కొందరు వెనక్కి పంపేస్తారు, నమ్మొద్దు, కేవైసీ ఉన్న ఎవరైనా తీసుకోవచ్చు. ఏటీఎం కార్డు ఉచితం. డబ్బు తీయడం మాత్రం నెలకు నాలుగు సార్లే ఉచితం, పైగా అదే బ్యాంకులో ఇంకో సేవింగ్స్ ఖాతా ఉండకూడదు. మీ అమ్మగారి మందులకీ గ్యాస్‌కీ ఇది చాలు.

వేరే బ్యాంకుకి మారాలనుకుంటే స్టేట్ బ్యాంకు 2020 మార్చిలోనే మినిమమ్ బ్యాలెన్స్ తీసేసింది. 2025లో కెనరా జూన్ నుంచి, పంజాబ్ నేషనల్, ఇండియన్ బ్యాంకు జూలై నుంచి మామూలు సేవింగ్స్‌కి చార్జీ ఎత్తేశాయి. అలాగని అన్నీ ఉచితం అనుకోకు, కార్డుకి ఏడాది చార్జీ, ఎస్ఎంఎస్ చార్జీ ఉంటాయి, ఖాతా తెరిచేటప్పుడే ఏ కార్డు ఇస్తున్నారో అడిగి తక్కువ చార్జీ ఉన్నది తీసుకో. వాళ్లు చేతిలో పెట్టే ప్లాటినం కార్డు మనకెందుకు.

పోస్టాఫీసు కూడా మర్చిపోవద్దు. 500 ఉంచితే చాలు, వడ్డీ 4 శాతం, స్టేట్ బ్యాంకులో ఇప్పుడు రెండున్నరే.

కొత్త ఖాతాకి ఆధార్ లింకు చేసేటప్పుడు మాత్రం చూసుకో. ప్రభుత్వం డబ్బు ఆధార్‌కి చివరగా ఏ బ్యాంకు లింకైతే ఆ బ్యాంకులోనే పడుతుంది. మా ఎదురింటావిడ తల్లికి వందనం డబ్బు రాలేదని సచివాలయం చుట్టూ తిరిగింది, తీరా చూస్తే ఎప్పుడో తెరిచి వదిలేసిన ఖాతాలో పడి ఉంది. ఆధార్ సైట్లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ అని ఉంటుంది, ఖాతా మార్చే ముందు ఒకసారి, మార్చాక ఒకసారి చూడు.

కంచరపాలెం కిరాణా:

మీ బావగారికి నా మాటగా చెప్పండి, టిఫిన్ బండికి కరెంట్ అకౌంట్ అక్కర్లేదు. కరెంట్ ఖాతాలో వడ్డీ రాదు, మినిమమ్ బ్యాలెన్స్ సేవింగ్స్ కంటే ఎక్కువ అడుగుతారు, నగదు జమ కూడా ఒక హద్దు దాటితే చార్జీ. చిన్న బండి, చిన్న కొట్టుకి సేవింగ్స్ ఖాతా మీదే క్యూఆర్ ఇస్తున్నారు, మా వీధిలో చాలామందికి అదే. జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకుని పెద్ద సరుకు కొనే రోజు వచ్చినప్పుడు చూసుకోవచ్చు. మాట్లాడే సౌండ్ బాక్సుకి మాత్రం నెల అద్దె ఉంటుంది, ఎంతో ముందే కనుక్కోమనండి, రోజువారీ వసూళ్లలోంచే కట్ అయిపోతుంది కాబట్టి చాలామందికి తెలియనే తెలియదు.

గాజువాక కుర్రాడు:

అందరికీ చాలా థాంక్స్. పెద్దాయన గారూ, ఒక డౌట్. పాత ఖాతాని వాడకుండా అలా వదిలేస్తే అదే పోతుంది కదా అంటున్నాడు మా ఫ్రెండు. నిజమేనా? ఇంకోటి, ఎలాగోలా పదివేలు సర్ది అందులోనే పడేస్తే గొడవ ఉండదు అంటోంది మా అమ్మ.

సీతమ్మధార పెద్దాయన:

వదిలేయకు. రెండేళ్లు లావాదేవీ లేకపోతేనే అది ఇనాపరేటివ్, అంటే వాడకంలో లేని ఖాతా అవుతుంది, అప్పటినుంచి మినిమమ్ బ్యాలెన్స్ చార్జీ వేయకూడదని 2024 ఏప్రిల్ నుంచి రూలుంది. ఆ రెండేళ్లలో పడేవి మాత్రం పడుతూనే ఉంటాయి, పైగా నీ ఈఎంఐ అక్కడే ఉంది, అది బౌన్స్ అయితే బ్యాంకు ఒక చార్జీ, ఫైనాన్సు వాళ్లు ఇంకో చార్జీ, సిబిల్ స్కోరు (అప్పులు సరిగ్గా కడుతున్నావా లేదా అన్న లెక్క) కూడా పాడవుతుంది.

అమ్మగారి మాటకొస్తే, పదివేలు ఏడాదంతా కదలకుండా ఉంచితే రెండున్నర శాతం చొప్పున వచ్చే వడ్డీ 250. ఒక్క నెల సగటు తగ్గితే పోయేది 590. ఆసుపత్రి అవసరం వస్తే ముట్టుకోలేని పదివేలు ఇంట్లో వాళ్లకి ఎందుకు పనికొస్తాయి? తప్పనిసరై ఉంచాల్సి వస్తే సగటు అంటే రోజూ రాత్రికి ఉన్న బ్యాలెన్స్‌లన్నీ కూడి రోజులతో భాగించడమే, 30 రోజుల నెలలో 60,000 ఐదు రోజులున్నా పదివేల సగటు వచ్చేస్తుంది.

నా సలహా, ముందు ఆ ఎంవీపీ కాలనీ అమ్మాయి చెప్పినట్టు బేసిక్ కిందకి మార్చమని ఫారం ఇవ్వు. ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోరో రాసివ్వమను. ఈఎంఐ మాండేట్ (నెలనెలా కిస్తీ కట్ చేసుకోమని ఇచ్చిన అనుమతి), గ్యాస్ సబ్సిడీ రెండూ జీతం పడే ఖాతాకి మార్చుకుని, ఒక నెల కిస్తీ అక్కడినుంచి సరిగ్గా వెళ్లిందని చూసుకున్నాకే పాతది మూసేయించు. మూసినట్టు లెటర్ అడిగి తీసుకో. 1,770 ఫిర్యాదు మాత్రం ఖాతా మూయకముందే ఇవ్వు, అక్క డబ్బు వేసిన రోజు స్టేట్‌మెంట్ దానికి జతచెయ్యి.