గూడబాతుల్లో (పెలికాన్లలో) తల్లి ఏదో, తండ్రి ఏదో గుర్తుపట్టడం ఎలా?

నమస్కారం. మాది తిరుపతి, జువాలజీ ఎమ్మెస్సీ చదువుతున్నాను. గుంపులుగా గూళ్లు కట్టే పక్షుల్లో పిల్లల్ని ఎవరు సాకుతారన్నది నా ప్రాజెక్టు. సముద్ర పక్షుల గురించి చదివేకొద్దీ ఆశ్చర్యమేస్తోంది. కామన్ మర్ అనే పక్షి పిల్ల మూడు వారాలకే, సరిగ్గా ఎగరడం కూడా రాకముందే, కొండ అంచు నుంచి సముద్రంలోకి దూకేస్తుంది. ఆ తర్వాత నీళ్లలో దాన్ని వెంటబెట్టుకుని మేపేది తండ్రే. మాగ్నిఫిసెంట్ ఫ్రిగేట్ పక్షిలో తండ్రి ముందే వెళ్లిపోతాడు, తల్లి ఒక్కతే నెలల తరబడి మేపుతుంది. హవాయిలోని ఒవాహు దీవిలో లేసాన్ ఆల్బట్రాస్ జంటల్లో 31 శాతం రెండూ ఆడవేనని 2008లో తేలింది. ఆడా మగా ఒకేలా ఉండటంతో డీఎన్ఏ పరీక్ష చేస్తేగానీ తెలియలేదు.

నాకూ అక్కడే టెన్షన్. సూళ్లూరుపేట దగ్గరి నేలపట్టు పక్షుల అభయారణ్యానికి రెండుసార్లు వెళ్లొచ్చాను. ఒక గూడబాతు పుల్ల కరుచుకుని వాలింది, గూట్లో ఉన్నది అందుకుని పక్కన సర్దుకుంది. ఇంకో గూట్లో పిల్ల తల మొత్తం పెద్దపక్షి ముక్కు సంచిలో దూర్చి చేపలు తింటోంది. మేపుతున్నది తల్లా, తండ్రా? నోట్‌బుక్‌లో ఆ గడి ఖాళీగానే ఉండిపోయింది.

పక్షుల్ని పట్టుకోకుండా, బైనాక్యులర్స్‌తో దూరం నుంచే తేల్చుకునే దారి ఉందా? మగది కాస్త పెద్దదే గానీ, రెండూ పక్కపక్కన లేకపోతే పోల్చలేం. జతకట్టేటప్పుడు మగదాన్ని చూసిపెట్టుకుని, ముక్కు మీది మచ్చలను బట్టి తర్వాత గుర్తుపట్టొచ్చా? ఒక్కో గూటిని రోజుకు ఎన్ని గంటలు చూడాలి? ఇలాంటి పని చేసినవాళ్లు దయచేసి చెప్పండి.