హార్డ్ డిస్క్ సెట్టింగులు వాడేవాడి చేతిలో ఉండాలా, వద్దా?

కొర్లగుంట_స్టూడియో: తిరుపతిలో మాది పెళ్లి ఫోటోల స్టూడియో. ముహూర్తాలప్పుడు రోజూ వందల జీబీలు కాపీ చేయాలి. విండోస్ 10లో 2018 నాటి 1809 వెర్షన్ నుంచి బయట తగిలించే డిస్కులకు 'క్విక్ రిమూవల్' డీఫాల్ట్ అయ్యింది. అంటే రాయాల్సిన డేటాను విండోస్ మెమరీలో పోగేసుకోదు, నేరుగా డిస్కులోకే పంపుతుంది. వేగం కావాలంటే, మెమరీలో పోగేసుకుని రాసే 'బెటర్ పర్ఫార్మెన్స్' పెట్టుకోవాలి. అదెక్కడుందో వెతికేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. డిస్కు నాది, డబ్బు నాది. మరి నాకెందుకు కనబడకుండా పెట్టడం?

చిత్తూరు_మేస్టారు: దాచి మంచి పని చేశారు. మా స్కూలు ల్యాబులో పిలకాయలు పవర్ ఆప్షన్లలోకి దూరి, డిస్కు నిద్రపోయే టైం 20 నిమిషాలుంటే 1 నిమిషం చేసి పెట్టారు. ఫైలు తెరిచిన ప్రతిసారీ డిస్కు లేచి తిరిగేదాకా క్లాసంతా చేతులు కట్టుకుని కూర్చుంది.

కొర్లగుంట_స్టూడియో: మేస్టారూ, నేనడిగింది డిస్కు రాసే పద్ధతి గురించి. నిద్ర గురించి కాదు.

చిత్తూరు_మేస్టారు: రెండూ సెట్టింగులేగా. 20 అని పెట్టినవాళ్లు ఏమీ తెలియకుండానే పెట్టారా?

అలిపిరి_లినక్స్: ఇద్దరూ విండోస్ వదిలేసి లినక్స్‌కి వచ్చేయండి అన్నా. హెచ్‌డీపార్మ్ అని ఒక కమాండ్ ఉంది. పెద్ద ఎస్‌తో '-S 120' అని ఇస్తే 10 నిమిషాలు పని లేకపోతే డిస్కు ఆగిపోతుంది. సుడో, అంటే అడ్మిన్ అధికారం, దాని పాస్‌వర్డ్ లేనివాడు తాకలేడు.

పుత్తూరు_వాసి: 120 కొడితే 10 నిమిషాలేంది సామీ?

అలిపిరి_లినక్స్: ఒక్కో అంకె 5 సెకన్లు. 120 ఇంటూ 5, 600 సెకన్లు. 240 దాటితే లెక్క మారుతుంది, 241 అంటే అరగంట.

పుత్తూరు_వాసి: ఎక్కాల పుస్తకం పక్కన పెట్టుకుని వాడాలన్నమాట. నేను పోతా.

కొర్లగుంట_స్టూడియో: మేస్టారికి నెల తిరిగితే జీతం పడుతుంది. డిస్కు నెమ్మదైతే ఆయనకు పోయేదేముంది? నాకు ఆల్బం ఒక్కరోజు లేటైతే పెళ్లివారు షాపు ముందు నిలబడతారు.

చిత్తూరు_మేస్టారు: జీతం దాకా వచ్చావు కాబట్టి నేనూ చెప్తా. మా అమ్మాయి పెళ్లి ఫోటోలు ఒక స్టూడియోవాళ్లే పోగొట్టారు. పేరు చెప్పను. తలంబ్రాలది ఒక్కటంటే ఒక్కటి మిగల్లేదు. 'డిస్క్ కరప్ట్ అయింది సార్' అన్నాడు. ఆ ఒక్క ముక్కతో సరిపెట్టేశాడు. మీకు వేగం కావాలి, పోయేదేమో మావి.

కొర్లగుంట_స్టూడియో: ...

కొర్లగుంట_స్టూడియో: సరే. దాచడం ఎందుకు, నా దగ్గరా ఒకసారి అయ్యింది. బెటర్ పర్ఫార్మెన్స్ పెట్టింది నేనే. కాపీ అయిపోయినట్టు చూపించింది. షాపులో పనిచేసే అబ్బోడు సేఫ్‌లీ రిమూవ్ కొట్టకుండా కేబుల్ లాగేశాడు. కొంత డేటా ఇంకా మెమరీలోనే ఉండిపోయింది.

అలిపిరి_లినక్స్: అన్నా, దాని కింద బఫర్ ఫ్లషింగ్, అంటే డిస్కు తన తాత్కాలిక మెమరీలో ఉన్నదాన్ని లోపల రాసేయడం, దాన్ని ఆపే ఇంకో టిక్ ఉంటుంది. అదీ పెట్టావా?

కొర్లగుంట_స్టూడియో: పెట్టా.

అలిపిరి_లినక్స్: వేరే కరెంటు సరఫరా లేని డిస్కుకు అది పెట్టొద్దని అక్కడే రాసుంటుంది కదన్నా!

చిత్తూరు_మేస్టారు: సెట్టింగు మార్చినట్టు ఆ అబ్బోడికి చెప్పావా?

కొర్లగుంట_స్టూడియో: ముందున్నవాడికి చెప్పా. వాడు మానేశాడు. ఇతను కొత్త.

చిత్తూరు_మేస్టారు: నేను మొదట్నుంచీ మొత్తుకునేది ఇదే. మార్చేవాడొకడు, కేబుల్ లాగేవాడొకడు. నీ డిస్కు నీదే, కాదనను. అందులో ఉన్న పెళ్లి నీది కాదు.

కొర్లగుంట_స్టూడియో: మొదట్నుంచీ మీరు చెప్పింది 20 నిమిషాల సంగతి.

అలిపిరి_లినక్స్: ఇంకో తిరకాసు. ఆ సెట్టింగు ఒక్కో డిస్కుకు విడిగా పెట్టాలి. అదే పోర్టుకు మళ్లీ తగిలిస్తే గుర్తుంటుంది. వేరే పోర్టుకు మార్చి, అదే సెట్టింగు ఉందనుకోవద్దు. అబ్బోడికి అడ్మిన్ కాని అకౌంట్ ఇచ్చేయ్, కనీసం వాడు మార్చలేడు.

కొర్లగుంట_స్టూడియో: మార్చింది నేనే అంటున్నా కదా! పైగా అడ్మిన్ పాస్‌వర్డ్ నా దగ్గరే పెట్టుకుంటే, నేను తిరుచానూరులో మండపంలో ఉన్నప్పుడు ఏదన్నా అడిగిందంటే ఇక్కడ పని ఆగిపోతుంది.

చిత్తూరు_మేస్టారు: ఆగనీ.

కొర్లగుంట_స్టూడియో: మీ ఇంట్లో పెళ్లి అయిపోయింది కాబట్టి ఎన్నైనా అంటారు.