అప్‌డేట్: పోస్టర్‌లో వత్తులు కింది లైన్‌కి తగులుతున్నాయని అడిగాను కదా

గ్రాఫిక్ డిజైన్ క్లాసు కోసం చేనేత పోస్టర్ చేస్తుంటే ఇన్‌డిజైన్‌లో (పేజీలు కూర్చే అడోబీ సాఫ్ట్‌వేర్) వత్తులు విడిపోతున్నాయని, కింది లైన్‌కి తగులుతున్నాయని అడిగాను. రెండూ వేర్వేరు సమస్యలట!

మొదటిది వెంటనే తేలింది. పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో వరల్డ్-రెడీ కంపోజర్ (తెలుగు లాంటి లిపుల్ని సరిగ్గా కూర్చే సెట్టింగ్) పెట్టగానే అక్షరాలు సరిగ్గా కూర్చున్నాయి.

రెండోదే సతాయించింది. పై లైన్‌లో ‘వస్త్రాలు’, దాని కిందే ‘చేనేత మేళా’. స్త్రా కింద తవత్తు, దాని కింద రవత్తు, అంతస్తుల మీద అంతస్తులు. అది దిగొచ్చి ‘చే’ ఏత్వాన్ని గుద్దేస్తోంది. ఆటో లీడింగ్, అంటే సాఫ్ట్‌వేర్ తనంతట తానే లైన్ల మధ్య ఇచ్చే దూరం, అక్షరం సైజులో 120 శాతం. అది ఇంగ్లీషుకి సరిపోతుందేమో, మనకి చాలదు. 18 పాయింట్ల అక్షరానికి 30 పాయింట్ల లీడింగ్ ఇచ్చాక ఊపిరాడింది. శీర్షికలో మాత్రం అంత ఖాళీ బాగోలేదు, అందుకే మాటలే అటూ ఇటూ మార్చి వత్తు కింద ఖాళీ వచ్చేలా చూశాను. మీలో ఒకరిచ్చిన ఈ సలహాయే నాకు అన్నిటికంటే నచ్చింది.

శీర్షికకి రామభద్ర అనే ఫాంట్ వాడాను. దానికి ఒకటే మందం, కాబట్టి మిగతాదంతా వేర్వేరు మందాలున్న బాలూ తమ్ముడు 2 ఫాంట్‌లో. ప్రింటింగ్ షాపులో ‘అను ఫాంట్‌లో లేదా?’ అన్నారు (అను అంటే డీటీపీ వాళ్లు వాడే పాత తెలుగు ఫాంట్లు). అవుట్‌లైన్ చేసిన, అంటే అక్షరాల్ని బొమ్మలుగా మార్చిన, పీడీఎఫ్ ఇస్తే గొడవ లేకుండా వేసేశారు.