మొదటిసారి అమెచ్యూర్ ఎంఎంఏ బౌట్లు పెడుతున్నాం: నియమాలు, జాగ్రత్తలు ఎలా ఉండాలి?

కొత్తమ్యాట్:

అందరికీ నమస్కారం. రెండు నెలల్లో మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ (ఎంఎంఏ)లో ఎనిమిది అమెచ్యూర్ బౌట్లు పెట్టాలని అనుకుంటున్నాం. పాల్గొనేవాళ్లందరూ 18 నిండినవాళ్లే, సగం మందికి ఇదే మొదటి పోటీ. ప్రొఫెషనల్ నియమాలే పెట్టేద్దామని కొందరు పట్టుబడుతున్నారు. నాకు మనసొప్పడం లేదు. ఏ దెబ్బలు ఆపాలి, గ్లోవ్స్ ఎంత బరువుండాలి, డాక్టర్ ఒక్కరు సరిపోతారా, తూకం ఎప్పుడు వేయాలి? అన్నిటికీ ఒకేసారి జవాబు రాకపోయినా ఫర్వాలేదు. అనుభవం ఉన్నవాళ్లు తెలిసినంత చెప్పండి.

నల్లచొక్కా:

మీ మనసు సరిగ్గానే చెబుతోందండీ. ప్రో నియమాలు రోజూ అదే పనిగా సాధన చేసేవాళ్లకు రాసుకున్నవి. అమెచ్యూర్ కోసం 2012లో ఏర్పడిన అంతర్జాతీయ సమాఖ్య ఐఎంఎంఏఎఫ్ నియమావళి ఉంది. దాన్ని ఆధారంగా పెట్టుకోండి. ఎక్కడైనా మార్చుకోవాలనిపిస్తే ఇంకాస్త కఠినంగా మార్చుకోండి తప్ప సడలించొద్దు. మీ చోట పోటీలకు అనుమతి ఇచ్చే సంస్థ ఏదైనా ఉంటే దాని మాటే చివరి మాట.

మూడు రౌండ్లు, ఒక్కొక్కటి 3 నిమిషాలు, మధ్యలో నిమిషం విరామం. మొదటి పోటీ ఆడేవాళ్లకు నేనైతే రౌండుకు 2 నిమిషాలే పెడతాను. అలసిపోయినవాడి చేతులు కిందికి జారతాయి, గడ్డం పైకి లేస్తుంది. కొత్తవాళ్లలో చెడ్డ నాకౌట్లు ఎక్కువగా అక్కడే వస్తాయి.

మోచేతి దెబ్బలు పూర్తిగా నిషేధం. మోచేయి చిన్న ఎముక కొన, చర్మాన్ని బ్లేడులా కోస్తుంది. తలకు మోకాలి దెబ్బలు కూడా వద్దు. హీల్ హుక్ (మడమ తిప్పే పట్టు) సంగతి అందరికీ అర్థమయ్యేలా చెప్పాలి. ఆర్మ్‌బార్‌లో (మోచేతిని వెనక్కి విరిచే పట్టు) మోచేయి విరగకముందే నొప్పి హెచ్చరిస్తుంది, ఓటమి ఒప్పుకుంటూ చేత్తో తట్టడానికి సమయం ఉంటుంది. హీల్ హుక్‌లో మడమను తిప్పితే ఆ తిప్పు మోకాలి లిగమెంట్లకు చేరుతుంది. నొప్పి తెలిసేసరికి అవి తెగిపోయి ఉంటాయి, ఇక తట్టినా లాభం లేదు. మెడ విరిచే పట్లు, వెన్నెముకను మెలితిప్పే పట్లు కూడా నిషేధమే. ఎదుటివాడిని తలకిందులుగా ఎత్తి తల మీద పడేయడం ప్రో నియమాల్లో కూడా ఫౌలే. తల వెనుక భాగం, వెన్నెముక, గొంతు, గజ్జలు, కళ్ల మీద దాడి, చిన్న వేళ్లు విరవడం, బరి చుట్టూ ఉన్న కంచె (కేజ్) పట్టుకోవడం, ఇవన్నీ మామూలు ఫౌళ్లే, వాటి దగ్గర ఎక్కువసేపు ఆగను.

కిందపడినవాడి విషయం మాత్రం కాగితం మీద స్పష్టంగా రాసుకోండి. ప్రో నియమాల్లో 2024 నవంబరు నుంచి చెయ్యి నేలకు ఆనించినంత మాత్రాన కింద ఉన్నట్టు లెక్క కాదు, తలకు కాలి దెబ్బ వేయొచ్చు. కొత్తవాళ్ల పోటీలో ఆ వెసులుబాటు వద్దనే నా మాట. అరికాళ్లు తప్ప ఏ భాగం నేలను తాకినా వాడు కింద ఉన్నట్టే, తలకు కాలి దెబ్బ కూడదు. రిఫరీకి కూడా ఇలా ఉంటే చూడగానే తేల్చడం తేలిక.

గజ్జల్లో దెబ్బ తగిలితే కోలుకోవడానికి 5 నిమిషాల వరకు ఇస్తారు. కంట్లో వేలు పడినప్పుడు మాత్రం రిఫరీ "కనిపిస్తోందా?" అని అడిగి వదిలేయకూడదు. ఆడాలన్న తపనతో ఎవరైనా కనిపిస్తోందనే అంటారు. వెంటనే డాక్టర్‌ను లోపలికి పిలవాలి.

బౌట్ ఎప్పుడు ఆపాలి అన్నదే అసలు విద్య. చేతులు తల మీద పెట్టి ముడుచుకుని, పక్కకు జరగకుండా, మోకాలు లోపలికి తేకుండా దెబ్బలు తింటుంటే అది రక్షించుకోవడం కాదు. "కదులు, కాపాడుకో" అని ఒకసారి గట్టిగా చెప్పాలి. ఆ వెంటనే కదలిక లేకపోతే ఆపేయాలి. చోక్‌లో (మెడ బిగించే పట్టు) రిఫరీ ముఖం కోసం వెతకకూడదు. బిగించిన చేతుల వెనుక ముఖం కనపడదు. పట్టులో ఉన్నవాడి ఖాళీ చేతి వేళ్లు, పాదం చూడాలి. మెడ రెండు పక్కలా రక్తనాళాలు సరిగ్గా నొక్కుకుంటే సుమారు 10 సెకన్లలోపే స్పృహ పోతుంది. ముందు పిడికిలి వదులవుతుంది, తర్వాత పాదం పక్కకు వాలుతుంది. అనుమానం వస్తే చెయ్యి పట్టుకుని చూడండి, ప్రతిఘటన లేకపోతే అక్కడితో బౌట్ అయిపోయింది.

కార్నర్ (ఫైటర్ వెంట ఉండే కోచ్ బృందం) బౌట్ ఆపమంటూ తువ్వాలు విసిరితే ఏం చేయాలో రూల్స్ మీటింగ్‌లోనే తేల్చుకోండి. కొన్ని చోట్ల లోపలికి ఏ వస్తువు వేసినా ఫౌల్. అక్కడ పక్కనున్న ఇన్‌స్పెక్టర్‌కు (నియమాలు పాటిస్తున్నారా అని చూసే అధికారి) చెప్పాలి. ఈ తేడా తెలియక కోచ్ తువ్వాలు పట్టుకుని తటపటాయిస్తే, ఆ నాలుగైదు సెకన్లలోనే ఇంకో నాలుగు దెబ్బలు పడతాయి.

చేతికట్టు:

సామగ్రి సంగతి నేను చెబుతాను. ప్రో గ్లోవ్స్ సుమారు 4 ఔన్సులు, అమెచ్యూర్‌కు 6 నుంచి 7 ఔన్సులు. అన్నీ ఒకే కంపెనీవి, ఒకే మోడల్‌వి, నిర్వాహకులే ఇవ్వాలి. ఇంటి నుంచి తెచ్చుకున్న పాత గ్లోవ్స్‌లో కణుపుల మీది ఫోమ్ నలిగి పక్కకు జరిగిపోయి ఉంటుంది. బొటనవేలితో నొక్కి చూడండి, అడుగున ఎముక తగిలితే ఆ జత పక్కన పడేయండి.

కాలికి షిన్‌గార్డులు, పైన ఎరుపు లేదా నీలం రాష్‌గార్డ్ (ఒంటికి అతుక్కునే చొక్కా). మగవాళ్లకు గజ్జలను కాచే గ్రోయిన్ కప్పు తప్పనిసరి. లోపల మెత్తటి పొర ఉన్న గట్టి కప్పు, బెల్టుతో బిగుతుగా కట్టుకునేది తీసుకోండి. వదులు చడ్డీలో జారిపోయే కప్పు, లేని దానికంటే ప్రమాదం. దాని అంచే గుచ్చుకుంటుంది.

మౌత్‌గార్డ్ లేకుండా ఏ రౌండూ మొదలవదు. వేడినీళ్లలో ముంచి కరిచి అచ్చు వేసుకునే రకం చాలు, కానీ సరిగా అమరాలి. పరీక్ష ఇది: నోరు తెరిచి తల కిందికి వంచి ఊపండి. జారిపడితే అది పనికిరాదు. మధ్యలో ఊడిపోతే రిఫరీ ఆట వేడిలో ఆపడు, కాస్త నెమ్మదించాకే ఆపి కడిగి పెట్టిస్తాడు. పళ్లకు క్లిప్పులు ఉన్నవాళ్లకు మామూలుది వద్దు, దంతవైద్యుడి చేత చేయించుకోవాలి.

చేతికట్టు విషయంలో గొడవలు ఎక్కువ. ప్రో యూనిఫైడ్ నియమాల్లో ఒక్కో చేతికి 2 అంగుళాల వెడల్పు మెత్తటి గాజుగుడ్డ 13 గజాలకు మించకూడదు, అంగుళం వెడల్పు టేపు 10 అడుగులకు మించకూడదు. మీ పరిమితిని మీరు రాసుకోండి, ఆ రోజు గుడ్డా టేపూ మీరే పంచండి. కట్టు కట్టేటప్పుడు ఎదుటి కార్నర్ మనిషి దగ్గరుండి చూడాలి. అయ్యాక ఇన్‌స్పెక్టర్ దాని మీద పెన్నుతో సంతకం పెడతాడు. కట్టు మరీ బిగిస్తే పిడికిలి ముడవగానే వేళ్లు నల్లబడతాయి. కట్టిన వెంటనే పదిసార్లు పిడికిలి మూసి తెరిపించి చూడండి. గ్లోవ్ వేశాక మణికట్టు వెల్క్రో మీద రంగు టేపు చుట్టడం మరిచిపోవద్దు. ఆ వెల్క్రో అంచు కంటి పైభాగాన్ని గీరుతుంది, చోక్ వేసేటప్పుడు మెడను గీరుతుంది.

గోళ్లు, చేతివి కాలివి, మొత్తం కత్తిరించాలి. వాసెలిన్ కనుబొమ్మలు, చెంపలు, ముక్కు మీదే. ఒంటికి రాస్తే ఎదుటివాడి పట్టు జారిపోతుంది, అది మోసం. స్పృహ తెప్పించే ఘాటు వాసన మందులు కార్నర్‌లో ఉండకూడదు. అవి దెబ్బ తిన్న తలను ఒక నిమిషం దాచి మళ్లీ ఆటలోకి పంపుతాయి.

కేజ్ నేల కింద కనీసం అంగుళం మందం ఫోమ్ ఉండాలి, పైన కాన్వాస్ డోలు చర్మంలా లాగి బిగించాలి. కాన్వాస్ మడత పడితే బొటనవేలు అందులో ఇరుక్కుంటుంది, ఒళ్లు తిరుగుతుంది, మోకాలు తిరగదు. స్తంభాలకు, తలుపు గడియకు, కంచె పై అంచుకు ప్యాడింగ్ చుట్టారా అని చేత్తో తడిమి చూడండి. బౌట్‌కీ బౌట్‌కీ మధ్య రక్తం తుడవడానికి ఒక మనిషి, పలచన చేసిన బ్లీచ్, చేతి తొడుగులు ఉండాలి.

స్టెతస్కోప్:

డాక్టర్ ఒక్కరు సరిపోరు. కేజ్ పక్కన ఒకరు ఎప్పుడూ కదలకుండా కూర్చోవాలి. ఇంకొకరు లోపలి గదిలో కుట్లు వేయడానికి, బౌట్ అయినవాళ్లను చూడడానికి. అంబులెన్స్ సిబ్బందితో సహా సిద్ధంగా ఉండాలి. అది ఒకరిని తీసుకుని వెళ్లిపోతే ఇంకొకటి వచ్చేదాకా పోటీ ఆగిపోవాలి. ఈ వాక్యాన్ని ఒప్పంద పత్రంలో పెట్టండి. టికెట్లు కొన్నవాళ్లు అరుస్తున్నప్పుడు నోటిమాట నిలవదు. ఆక్సిజన్, అంబు బ్యాగు (చేత్తో నొక్కి ఊపిరి అందించేది), సక్షన్ (నోట్లోని రక్తం లాగేది), మెడ కాలర్, స్ట్రెచర్ ఉండాలి. కేజ్ తలుపులోంచి ఆ స్ట్రెచర్ పడుతుందా అన్నది ముందురోజే ఒక మనిషిని పడుకోబెట్టి మోసి చూడండి. తీసుకెళ్లాల్సిన ఆసుపత్రిలో రాత్రి కూడా సీటీ స్కాన్, న్యూరోసర్జన్ ఉండాలి. దగ్గరలో ఉన్నదే కదా అని ఎంచుకోవద్దు.

ముందు పరీక్షలు: హెచ్ఐవీ, హెపటైటిస్ బీ, హెపటైటిస్ సీ. రిపోర్టు ఆరు నెలల కంటే పాతది కాకూడదు. మహిళలకు గర్భ పరీక్ష. కళ్ల పరీక్ష, చుక్కల మందు వేసి రెటీనా చూసేది. 35 దాటినవాళ్లకు ఈసీజీ, మెదడు స్కాన్ అడగడం మేలు. చర్మం తప్పక చూడాలి: తామర, సెగ్గడ్డలు, మెడ మీద పొక్కులు. ప్లాస్టర్ వేసి కప్పి ఆడనివ్వడం కుదరదు, చెమటకు ఊడిపోయి ఎదుటివాడికి అంటుతుంది.

పోటీ తర్వాతి అరగంట గురించి నేను ఎంత చెప్పినా తక్కువే. 2016 ఏప్రిల్ 9న డబ్లిన్‌లో ప్రొఫెషనల్ బౌట్ ఓడిన జోవావో కర్వాల్యో అప్పటికి నడుస్తూనే ఉన్నాడు. సుమారు 20 నిమిషాల తర్వాత ఒంట్లో బాగోలేదన్నాడు. మెదడుకు అత్యవసర ఆపరేషన్ చేసినా ఏప్రిల్ 11న చనిపోయాడు. పుర్రె లోపల రక్తస్రావం అలా నిదానంగా రావచ్చు. కాబట్టి గెలిచినవాడైనా ఓడినవాడైనా కేజ్ దిగగానే ఒకసారి, అరగంటకు మళ్లీ ఒకసారి డాక్టర్ చూసి సంతకం పెట్టాకే హాలు దాటాలి. గెలిచినవాడు ఎక్కువ దెబ్బలు తిన్న బౌట్లు చాలా ఉంటాయి.

ఇంటికి వెళ్లేటప్పుడు తోడున్న మనిషి చేతిలో ఒక కాగితం పెట్టండి: తలనొప్పి పెరుగుతూ పోవడం, మళ్లీమళ్లీ వాంతులు, ఒక కంటిపాప పెద్దదిగా ఉండడం, మాట తడబడడం, లేపినా సరిగా లేవకపోవడం, చెయ్యీ కాలూ మొద్దుబారడం, మూర్ఛ. వీటిలో ఏది కనబడినా నేరుగా ఆసుపత్రికే. ఆ రాత్రి మద్యం, నిద్రమాత్రలు, ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వద్దు. బండి నడపకూడదు, ఒంటరిగా పడుకోకూడదు.

తలకు దెబ్బ తగిలి బౌట్ ఆగితే కనీసం 30 రోజులు పోటీ లేదు, స్పారింగ్ (సాధన పోరు) కూడా లేదు. స్పృహ తప్పితే 60 నుంచి 90 రోజులు, ఆ తర్వాత కూడా డాక్టర్ ఒప్పుకుంటేనే. ఆ జాబితా పక్క జిమ్‌లకూ పంపండి, లేకపోతే రెండు వారాలకే వేరేచోట ఇంకో పేరుతో బరిలో దిగుతాడు.

కొత్తమ్యాట్:

చాలా చాలా కృతజ్ఞతలు. రెండు సందేహాలు మిగిలాయి. హెడ్‌గేర్ కూడా పెడితే ఇంకా భద్రం కదా? తూకం ముందురోజా, అదే రోజా?

స్టెతస్కోప్:

హెడ్‌గేర్ గాట్లను, చెవి వాపును తగ్గిస్తుంది. పుర్రె లోపల మెదడు కుదుపును ఆపదు. అమెచ్యూర్ బాక్సింగ్‌లో పురుషుల పెద్ద పోటీల్లో 2013లోనే తీసేశారు. 2016 రియో ఒలింపిక్స్‌లో పురుషులు అది లేకుండానే ఆడారు. గ్రాప్లింగ్‌లో (పట్ల పోరు) ఇంకో ఇబ్బంది, పట్టులో అది తిరిగి కళ్లకు అడ్డం పడుతుంది. స్పారింగ్‌లో పెట్టుకోండి, పోటీలో దాన్ని నమ్ముకుని మిగతావి సడలించొద్దు.

తూకంరాయి:

తూకం అదే రోజు ఉదయం. ఐఎంఎంఏఎఫ్ టోర్నమెంట్లలో ఆడే ప్రతి రోజూ ఉదయం తూస్తారు. ముందురోజు తూస్తే రాత్రికి రాత్రి నాలుగైదు కిలోలు నీళ్లుగా ఎక్కించుకోవచ్చని ఆశపడి, అంతకు ముందు అంత నీరూ చెమటలో పిండేస్తారు. 2015 డిసెంబరులో మనీలాలో యాంగ్ జియాన్‌బింగ్ అనే 21 ఏళ్ల ఫైటర్ బరువు తగ్గించుకునే క్రమంలోనే చనిపోయాడు. ఆ తర్వాతే ఆ పోటీల సంస్థ వన్ ఛాంపియన్‌షిప్ మూత్ర పరీక్ష పెట్టింది, ఒంట్లో నీరు తగ్గితే పెరిగే మూత్ర సాంద్రత 1.025 దాటితే ఆడనివ్వరు. అమెరికా కాలేజీ కుస్తీలో 1997లో ముగ్గురు చనిపోయాక రబ్బరు సూట్లు నిషేధించి, తూకాన్ని పోటీకి దగ్గరగా జరిపారు.

ఈ సాంద్రత కొలిచే రిఫ్రాక్టోమీటర్ అరచేతిలో పట్టే చిన్న పరికరం. రెండు చుక్కల మూత్రం చాలు, కంటికి పెట్టుకుని చూస్తే వెలుగు నీడల గీత ఎక్కడుందో తెలుస్తుంది. ఎనిమిది బౌట్లకు పదహారు మంది, ముప్పావు గంట పని. ముందు మూత్రం, తర్వాత తూకం, ఈ వరుస మార్చొద్దు. మారిస్తే, తూకం అయ్యాక నీళ్లు తాగి వచ్చి పరీక్ష దాటేస్తారు.

జత కుదర్చడం గురించి ఎవరూ అడగలేదు, నా దృష్టిలో తూకం కంటే అది పెద్ద విషయం. "ఇద్దరికీ మొదటి బౌటే" అన్న మాట నమ్మకండి. ఒకడు ఎనిమిదేళ్లు కుస్తీ పట్టినవాడు, ఇంకొకడు ఆరు నెలలుగా జిమ్‌కు వస్తున్నవాడు అయితే ఇద్దరి రికార్డూ సున్నాయే. కుస్తీ, బాక్సింగ్, కిక్‌బాక్సింగ్, జూడో, ఏది ఎన్నేళ్లు, ఎన్ని పోటీలు అని రాతపూర్వకంగా తీసుకోండి, ఎదుటి కోచ్‌కు చూపించండి. చివరి వారంలో ఎవరైనా తప్పుకుంటే ఖాళీ నింపడానికి దొరికినవాడిని ఎక్కించే అలవాటు వద్దు. ఆ బౌట్ రద్దు చేసి ఏడు బౌట్లతో నడపండి.

కొత్తమ్యాట్:

ఫారంలో కుస్తీ, బాక్సింగ్ గడులు చేరుస్తున్నాను. స్ట్రెచర్ తలుపులోంచి పడుతుందో లేదో ఈ ఆదివారమే కొలుస్తాం.

నల్లచొక్కా:

కొలిచేటప్పుడు తలుపు బయటికి తెరుచుకుంటుందో, లోపలికో కూడా చూడండి. లోపలికి తెరుచుకునేదైతే, తలుపు దగ్గరే ఎవరైనా పడిపోతే అది తెరుచుకోదు.