అప్పులేని ‘వాడె’నా, ‘వాడు’నా?

కొండారెడ్డి బురుజు: మా తమ్ముని కొడుకు ఫైనాన్సులో ఎలక్ట్రిక్ స్కూటర్ తీసుకుంటానంటున్నాడు. యూరప్‌లో 2035 నుంచి కొత్త పెట్రోలు, డీజిలు కార్లు అమ్మకూడదంట, రేపు మనకూ వస్తుందని వాని వాదన. ‘అప్పులేనివాడు యధిక సంపన్నుడు’ అని వేమన పద్యం నేనందుకుంటే మా ఆవిడ ‘వాడె’ అని దిద్దింది. ఏది సరి?

పెన్న ఇసుక: ‘వాడె’. ‘వాడు’ అంటే ఉత్వసంధి జరిగి ‘వాడధిక’ అయిపోతుంది. నాలుగో గణం కుంటుతుంది, యతి కూడా పాయె.

గండికోట: గణాలు సరే సామీ, ఆ ఎకారానికి అర్థం చెప్పు. అప్పు లేనివాడు మాత్రమే సంపన్నుడు అనా? వంద కిలోమీటర్లకు స్కూటర్ రెండు లీటర్ల పెట్రోలు తాగుతుంది, రెండొందల పైమాటే. కరెంటుదైతే మూడు నాలుగు యూనిట్లు. ఒకసారి అప్పు చేసి రోజూ ఆ ఖర్చు తప్పించుకున్నవాడు వేమన లెక్కలో ఎవరు?

హంద్రీ ఒడ్డు: ముందు అప్పు ఎవరిదో తేల్చండి. దేశం వాడే ముడిచమురులో 85 శాతానికి పైగా దిగుమతే, బండ్లు మారితే ఆ డాలర్లు మిగులుతాయి. మన రాష్ట్రం సంగతి వేరు. పెట్రోలు మీద 31 శాతం వ్యాట్, పైన లీటరుకు నాలుగు రూపాయలు, రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. నిషేధం పెడితే ఆ సొమ్ముకు బదులు ఇంకేదో పన్ను వేయాలి, లేదా అప్పు తేవాలి. దేశం సంపన్నుడు, రాష్ట్రం అప్పులవాడు!

పెన్న ఇసుక: ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ వచ్చినాక దాని చుట్టూ విడిభాగాల యూనిట్లు ఎన్ని వచ్చినాయో చూడు. కరెంటు కారులో ఇంజినూ ఉండదు, సైలెన్సరూ ఉండదు. అవి చేసేవాళ్ల గతేమి?

గండికోట: నార్వే నిషేధం పెట్టలేదప్పా. కరెంటు కార్లకు పన్నులు మినహాయించి, పెట్రోలు కార్ల మీద బాదింది. 2024లో అక్కడ అమ్ముడైన కొత్త కార్లలో పదికి తొమ్మిది దాకా కరెంటువే. ఇక యూరోపియన్ కమిషన్ 2025 డిసెంబరులో 2035 నాటి కొత్త కార్లకు పెట్టిన నూరు శాతం కార్బన్ డయాక్సైడ్ తగ్గింపు లక్ష్యాన్ని 90 శాతానికి సడలిద్దామంది. అంటే ‘కరెంటు బండ్లె’ అన్నది ‘కరెంటు బండ్లు’ అయింది. ఎకారం పోతే చట్టం ఏమవుతుందో చూసినారా?

తుంగభద్ర: ఆ ‘ఎ’ అవధారణ, అంటే ‘మాత్రమే’ అని నొక్కి చెప్పడం, అని పట్టుకుంటారేమి? రెండో పాదం చూడండి, ‘తప్పులేనివాడు ధరను లేడు’. అక్కడ హల్లు పరమైంది కాబట్టి ‘వాడు’ నిలబడింది. మొదటి పాదంలో అచ్చు తగిలింది, సంధి తప్పించడానికి ‘ఎ’ వేసినాడు. అర్థం గిర్థం ఏమీ లేదు.

గండికోట: వేమన పాదపూరణకు అక్షరం అతికించే కవా? 1928లో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు అనంతపురంలో ఇచ్చిన వేమన ఉపన్యాసాలు చదివి వచ్చి మాట్లాడు.

తుంగభద్ర: డిగ్రీలోనే చదివినాను. మా అవ్వది కటారుపల్లె పక్కనే, వేమన సమాధి దగ్గర ఆడుకొని పెరిగినాను. నాకు వేమనను కొత్తగా చూపించొద్దు.

హంద్రీ ఒడ్డు: డీజిలు లారీల సంగతి ఎవరూ ఎత్తలేదు. నాపరాయి మోసే లారీకి బ్యాటరీ బరువే సగం లోడు తినేస్తే బాడుగ ఎవరికి గిట్టుతుంది?

పెన్న ఇసుక: దానికి వేరే పోస్టు పెట్టు సామీ. కడపలో సి.పి. బ్రౌన్ పరిశోధన కేంద్రానికి పోయేవాళ్లుంటే వేమన ప్రతుల్లో ‘వాడె’ ఉందో, ‘వాడే’ ఉందో చూసి రాయండి. దీర్ఘమైతే గణం పోతుందని నాకూ తెలుసు, ఎవరూ చెప్పనక్కరలేదు.