వికలాంగ పింఛనుదారులందరికీ మళ్లీ మళ్లీ పరీక్షలు పెట్టాలా?

చర్చ మొదలుపెట్టినవారు:
వికలాంగ పింఛను తీసుకుంటున్న అందర్నీ కొన్నేళ్లకోసారి మళ్లీ పరీక్షించాలని నా అభిప్రాయం. దొంగ సర్టిఫికెట్లతో పింఛను తీసుకునేవాళ్లు ఉన్నారు. ఆ డబ్బు అసలైనవాళ్లకు చేరాల్సింది. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

సంరక్షకురాలు:
"అందర్నీ" అన్న దగ్గరే నాకు పేచీ. మా తమ్ముడికి పుట్టుకతోనే సెరెబ్రల్ పాల్సీ, అంటే మెదడులో లోపం వల్ల కాళ్లూ చేతులూ అదుపులో ఉండవు. మళ్లీ పరీక్షకు రమ్మన్నారంటే ఇంటిల్లిపాదికీ టెన్షనే. పాత రిపోర్టులన్నీ వెతకాలి, మనిషిని ఎత్తి బండి ఎక్కించాలి, గంటల తరబడి వరుసలో కూర్చోబెట్టాలి. తీరా లోపలికి వెళ్తే "చెయ్యి పైకెత్తు" అంటారు. ఎత్తాడు, అదే రాసుకున్నారు. ఆ చెయ్యి చొక్కా గుండీ పెట్టుకోలేదనీ, గ్లాసు నోటిదాకా వెళ్లేలోపే సగం నీళ్లు ఒలికిపోతాయనీ రాయడానికి ఆ ఫారంలో చోటే లేదు.

ఒంట్లో లోపం ఒక్కటే చూస్తే చాలదనీ, ఆ మనిషి ఏయే పనులు చేసుకోగలడు, చుట్టూ ఏ అడ్డంకులు ఉన్నాయి అన్నవీ కలిపి చూడాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లోనే ఒక వర్గీకరణ ఇచ్చింది. అయినా లెక్క శాతాల దగ్గరే ఆగిపోతోంది. భారత్‌లో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం వైకల్యాల రకాలను 7 నుంచి 21కి పెంచింది. చాలా మంచి పని. కానీ కనీసం 40 శాతం వైకల్యం ఉంటేనే ప్రయోజనాలు అనే 1995 చట్టంలోని గీత మాత్రం అలాగే ఉంది. 39 వచ్చినవాడి కష్టం 40 వచ్చినవాడి కష్టం కంటే ఏపాటి తక్కువ?

అమెరికాలో సమీక్ష గడువు అందరికీ ఒకటి కాదు. నయమవుతుందనుకుంటే 6 నుంచి 18 నెలల్లో, చెప్పలేమనుకుంటే సుమారు 3 ఏళ్లకు, నయం కాదనుకుంటే 5 నుంచి 7 ఏళ్లకు. బ్రిటన్ అయితే జీవితాంతం ఉండే తీవ్ర వైకల్యాలకు పని సామర్థ్య పరీక్షను మళ్లీ మళ్లీ పెట్టడం 2017లో మానేసింది.

ఆడిట్‌లో పనిచేసినవారు:
మీ బాధ అర్థమైందమ్మా. కానీ "నయం కాదు" అన్న ముద్ర వేయించుకోవడానికి ముందుగా పరుగెత్తేది దొంగలే. ఒకసారి జాబితాలో పేరు ఎక్కితే ఇక అడిగేవాడుండడు.

సంరక్షకురాలు:
ఆ మాట నేను కాదనను సార్. అయితే ఆ ముద్ర వేసిన డాక్టరు ఒకరున్నారు కదా. ఎవరి సంతకంతో లెక్కకు మించి సర్టిఫికెట్లు వచ్చాయో రికార్డుల్లోనే తెలుస్తుంది. తనిఖీ అక్కడ మొదలుపెట్టండి, అనుమానం ఉన్నవాళ్లనే పిలవండి. మంచం దిగలేనివాళ్ల ఇంటికి డాక్టరే రావాలి.

ఇంకో సంగతి ఎవరూ ఎత్తడం లేదు. ఈ పరీక్షల భయంతోనే చాలామంది చిన్న ఉద్యోగానికి కూడా ప్రయత్నించరు. నాలుగు రోజులు పనిచేస్తే "బాగానే ఉన్నాడు" అని పింఛను తీసేస్తారేమోనని. అమెరికాలో సామాజిక బీమా కింద వైకల్య పింఛను పొందేవారు 9 నెలలు పనిచేసి చూసుకోవచ్చు, ఆ నెలల్లో ఎంత సంపాదించినా పింఛను ఆగదు. అదే దేశంలో పేదలకిచ్చే మరో వైకల్య సాయానికి మాత్రం ఒంటరి మనిషి దగ్గర 2,000 డాలర్లకు మించి ఆస్తి ఉండకూడదు. 1989 నుంచి ఆ అంకె మారలేదు! వీల్‌చైర్ పాడైతే బాగుచేయించుకోవడానికి నాలుగు డబ్బులు దాచుకోవడం కూడా తప్పేనా?

చర్చ మొదలుపెట్టినవారు:
ఇంటికే డాక్టరు రావాలన్నది ఒప్పుకుంటాను. కానీ అనర్హుడని తేలాక కూడా చెల్లిస్తూ పోవాలంటారా?

సంరక్షకురాలు:
తేలాక అక్కర్లేదండీ. తేలేదాకా ఆపొద్దంటున్నాను. ముందు నోటీసు ఇవ్వాలి, కారణం రాతపూర్వకంగా చెప్పాలి, అప్పీలు నడుస్తున్నన్నాళ్లూ పింఛను ఇవ్వాలి. నయమైందంటూ ఆపేస్తే, 10 రోజుల్లో అడిగినవాళ్లకు అమెరికాలో అలాగే కొనసాగిస్తారు. ఓడితే ఆ డబ్బు వెనక్కి కట్టమనొచ్చు కూడా. ఖజానాకు పోయేదేమీ లేదు. ముందే ఆపేస్తే మాత్రం ఆ నెల మందులు ఎవరు కొనిస్తారు?